మేనేజర్‌ను తయారు చేసుకోవడం ఎలా? మిల్లు, జిన్నింగ్, షోరూం ఓనర్ల కోసం

అక్టోబరు చివర్లో మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ రైస్ మిల్లు ముందు చూసినా ట్రాక్టర్ల లైనే. అన్నీ కోత మిషన్ నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్లు. గేటు దగ్గర సూపర్‌వైజర్ శాంపిల్ తీసి మాయిశ్చర్ చూస్తాడు, నాలుగు గింజలు అరచేతిలో నలుపుతాడు, ఆ తర్వాత ఫోన్ తీస్తాడు. "సార్, 24 చూపిస్తుంది, తాలు గూడ ఉంది. ఎంత పెడదాం?" ఓనర్ పెళ్లిలో ఉన్నా, దవాఖానలో ఉన్నా రేటు చెప్పాల్సిందే. వడ్లు చేత్తో పట్టి చూసినవాడు అడుగుతాడు, చూడనివాడు చెప్తాడు. జడ్చర్లలో పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులోనైనా, నల్గొండ ప్రకాశం బజారు బట్టల దుకాణంలోనైనా, మహబూబ్‌నగర్ ట్రాక్టర్ షోరూంలోనైనా సరుకు వేరు గానీ ఫోన్ మాత్రం ఇదే.

ఈ ఓనర్లలో ఎవరిని కదిలించినా ఒకటే మాట: "మన దగ్గర మంచి మేనేజర్లు దొరకరండీ, తెలివి ఉన్నోళ్లంతా హైదరాబాద్ పోతరు." దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను. అయితే పదేళ్లుగా మీ దగ్గరే ఉన్న మనిషి ఇంకా ప్రతి రేటూ మిమ్మల్నే అడుగుతుంటే ఆ తప్పు హైదరాబాద్‌ది కాదు. అతనికి పని అప్పజెప్పారు గానీ నిర్ణయం ఎప్పుడూ అప్పజెప్పలేదు.

చాలామంది దీనికి విరుగుడుగా ట్రైనింగ్‌కు పంపుతారు. ఫైలు, సర్టిఫికెట్, వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వస్తాయి. లెక్కలు, జీఎస్టీ, నాణ్యత పరీక్షలు నేర్చుకోవడానికి క్లాసులు బాగానే పనికొస్తాయి. చిన్న, మధ్య తరహా పరిశ్రమల కోసమే పెట్టిన కేంద్ర సంస్థ ఒకటి (ఎన్ఐ-ఎంఎస్ఎంఈ) హైదరాబాద్ యూసుఫ్‌గూడలో 1962 నుంచి ఉంది, అవసరమైతే వాడుకోండి. కానీ రేటు కట్టే ధైర్యం, తగాదా తీర్చే నేర్పు, మెషిన్ ఆపాలా నడపాలా అనే తెగింపు క్లాసులో రావు. అవి మీ ఆవరణలోనే, మీ ఖర్చు మీదే రావాలి. ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

మొదట: వారం రోజులు ఫోన్లు రాసిపెట్టండి

జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. లోపలి మనుషుల నుంచి వచ్చే ప్రతి ఫోన్‌కు ఒక్క లైను చాలు: ఎవరు, ఏం అడిగారు, మీరేం చెప్పారు. విసుగ్గా ఉంటుంది, అయినా రాయండి. వారం తర్వాత చూస్తే వందల ప్రశ్నలు ఉండవు. ఐదారు రకాల ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తుంటాయి.

ఒక్కోదాని పక్కన ఇది ఎందుకు వచ్చిందో రాయండి. కొన్ని ఊరికే చెప్పడానికి చేసినవి: "లారీ వచ్చింది సార్" లాంటివి. వాటికి సాయంత్రం ఒక మెసేజ్ సరిపోతుంది. కొన్ని తెలియక అడిగినవి. వాటికి నేర్పాలి. కొన్ని నిజంగానే మీరు తేల్చాల్సినవి. ఇక మిగిలినవి, సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ ఉండేవి, జవాబు తెలిసి కూడా భయంతో అడిగినవి.

ఈ చివరి రకం దగ్గర కాస్త ఆగాలి. డ్రయ్యర్ బ్లోయర్ బెల్టు తెగిందనుకోండి. కొత్తది రెండు వేల లోపే. ఏ షాపులో దొరుకుతుందో సూపర్‌వైజర్‌కు తెలుసు, మనిషిని పంపితే ఇరవై నిమిషాల్లో వస్తుంది. కానీ పోయిన ఏడాది అడగకుండా ఏదో కొన్నందుకు నలుగురి ముందు "నీ అయ్య సొమ్మా?" అనిపించుకున్నాడు. అందుకే ఇప్పుడు మీకు ఫోన్ చేస్తాడు. మీరు ఎత్తరు. మళ్లీ చేస్తాడు. గంటన్నర డ్రయ్యర్ ఆగిపోతుంది, తడి వడ్లు కుప్పలోనే వేడెక్కడం మొదలవుతుంది. బెల్టు ధర కంటే ఎన్నో రెట్ల నష్టం. ఆ నష్టం ఏ ఖాతాలోనూ కనపడదు కాబట్టి ఆ రోజు ఎవరూ తిట్లు తినరు.

గీత గీయండి, కాగితం మీద

"నువ్వే చూసుకో" అని నోటితో చెప్పడం అధికారం ఇవ్వడం కాదు. అది మంచిగా జరిగితే మీది, చెడిపోతే అతనిది అవుతుంది. ఎంతవరకు అతని ఇష్టమో రూపాయల్లో, పనుల పేర్లతో రాసి ఇవ్వండి. తెలుగులోనే రాయండి, ఆఫీసు గదిలో గోడకు అంటించండి.

మధ్యస్థంగా ఉన్న మిల్లుకైతే నేను ఇలా మొదలుపెట్టమంటాను. 5,000 రూపాయల దాకా రిపేరు, విడిభాగాలు: అడగక్కర్లేదు, బిల్లు ఫైల్లో పెడితే చాలు. 5,000 నుంచి 25,000 దాకా: చేసేసి అదే రోజు చెప్పాలి. ఆ పైన: ముందు అడగాలి. వడ్ల రేటుకు పొద్దున్నే ఒక హద్దు చెప్పండి, ఇంత నుంచి ఇంత దాకా అని. ఆ రెండు అంకెల మధ్య శాంపిల్ చూసి కట్టేది గేటు దగ్గర ఉన్న మనిషే. హమాలీల షిఫ్టులు, సెలవులు, లారీల వరుస పూర్తిగా అతనివే. అంకెలు మీ వ్యాపారాన్ని బట్టి మార్చుకోండి. అంకె అంటూ ఒకటి ఉండటమే ముఖ్యం.

గీత గీయడానికి వీలులేని చోట్లు కూడా ఉన్నాయి. సీఎంఆర్ వడ్లు, అంటే మర పట్టి బియ్యం తిరిగి ఇమ్మని ప్రభుత్వం మిల్లుకు ఇచ్చేవి, ప్రభుత్వానివే. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలన్నది లెక్క. అక్కడ మేనేజర్‌కే కాదు, మీకు కూడా సొంత నిర్ణయం లేదు. స్టాకు, రిజిస్టరు సరిపోవాలి, అంతే. పత్తిలోనూ అంతే. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతూ వస్తుంది, 12 దాటితే కొనరు. ఇలాంటి వాటిలో మేనేజర్‌కు నేర్పాల్సింది నిబంధన. అంచనా కట్టే పని లేదు. బ్యాంకు సంతకం, మనిషిని పనిలోంచి తీసేయడం మొదట్లో మీ దగ్గరే ఉంచుకోండి.

ఒక్క అధికారం మాత్రం మొదటి రోజే, అందరికంటే కింద ఉన్న మనిషికి కూడా ఇవ్వాలి. అది మెషిన్ ఆపే అధికారం. టొయోటా ఫ్యాక్టరీల్లో లైను మీద తేడా కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి సాయం పిలవచ్చు, సరికాకపోతే లైను ఆగుతుంది. జిన్నింగ్ మిల్లులో పత్తిలోంచి పొగ వాసన వచ్చినప్పుడు, బాయిలర్ దగ్గర నీటి మట్టం తేడాగా కనిపించినప్పుడు ఫోన్ చేసి అడిగే టైం ఉండదు. అనవసరంగా ఆపినా సరే, ఆ మనిషిని ఒక్క మాట అనకండి. ఒకసారి అన్నారంటే ఇక ఎవరూ ఆపరు.

మనిషిని ఎంచుకోవడం

మన దగ్గర మామూలుగా రెండు దారుల్లో మేనేజర్లు పుడతారు: బాగా పనిచేసే ఆపరేటర్‌కు ప్రమోషన్, లేదా ఇంటి అల్లుడో బామ్మర్దో. రెండోదాని గురించి ఎక్కువ చెప్పను, అది మీ ఇంటి సంగతి. ఎవరైనా సరే, పైన చెప్పిన కాగితం అతనికీ వర్తించాలి.

మొదటిది ఎక్కువ దెబ్బ కొట్టేది. వడ్ల పొట్టు తీసే షెల్లర్‌ను చెవితో విని సెట్ చేసే ఆపరేటర్ ఉంటాడు. అతన్ని కుర్చీలో కూర్చోబెడితే మంచి ఆపరేటర్ పోతాడు, సరిపడని సూపర్‌వైజర్ మిగులుతాడు. పాపం అతనికి కూడా టెన్షనే. పనితనానికి జీతం పెంచండి, హెడ్ ఆపరేటర్ అని పిలవండి, కొత్తవాళ్లకు నేర్పే బాధ్యత ఇవ్వండి. మనుషుల్ని నడిపే పని వేరే.

మరి ఎవరు? మీరు ఊళ్లో లేని రోజు డ్రైవర్లు, హమాలీలు, గుమస్తాలు ఎవరి దగ్గరికి పోయి అడుగుతున్నారో గమనించండి. వయసులో చిన్నవాడు కావచ్చు. కాంటా దగ్గర స్లిప్పులు రాసేవాడు కావచ్చు. చాలాచోట్ల అకౌంట్స్‌లో కూర్చునే ఆడపిల్లే ఆ మనిషి: ఏ లారీ ఎక్కడుందో, ఏ పార్టీ ఎంత బాకీ ఉందో, ఎవరికి అడ్వాన్స్ ఇవ్వాలో ఆమెకే తెలుసు. "ఆమె హమాలీలతో ఏం మాట్లాడుతుంది" అని మీరే ముందు అనుకుని పక్కన పెడుతున్నారు. అడిగి చూడండి.

నేర్పేటప్పుడు నాలుగు మెట్లు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని లక్షల మంది ఒక్కసారిగా వచ్చి పడ్డారు. వాళ్లకు తొందరగా పని నేర్పడానికి సూపర్‌వైజర్లకు ఒక పద్ధతి ఇచ్చారు. యుద్ధం తర్వాత అది జపాన్ పోయి టొయోటాలో పాతుకుపోయింది. దానికి నాలుగే మెట్లు: నేర్చుకునేవాణ్ని సిద్ధం చేయడం, చేసి చూపించడం, అతనితో చేయించడం, తర్వాత కనిపెట్టుకుని ఉండటం. మన దగ్గర రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాం. "చూశావ్ గదా, రేపటి నుంచి నువ్వే" అంటాం.

షెల్లర్‌లో రబ్బరు రోల్స్ సంగతే తీసుకోండి. ముందు అతనికి ఏం తెలుసో అడగండి. తర్వాత మీ ఆపరేటర్ ఒక్కో పని చేస్తూ, ఎక్కడ జాగ్రత్తపడాలో, ఎందుకో కూడా చెప్పాలి. రెండు రోల్స్ ఒకే వేగంతో తిరగవు, వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది, అందుకే మధ్యలో ఒకదాని చోట ఒకటి మారుస్తాం. సందు ఎక్కువైతే ఊడని వడ్లు మిగులుతాయి, మరీ బిగిస్తే నూక పెరుగుతుంది, రబ్బరు కూడా తొందరగా పోతుంది. ఈ "ఎందుకు" చెప్పకపోతే అతను చేతి కదలికలే నేర్చుకుంటాడు, మెషిన్ కొంచెం తేడాగా ఉన్న రోజు మళ్లీ ఫోన్ చేస్తాడు.

మూడో మెట్టులో అతను చేస్తూ మీకు చెప్పాలి, మీరు చేతులు కట్టుకుని నిలబడాలి. మధ్యలో చెయ్యి పెట్టకుండా ఉండటమే ఓనర్లకు కష్టమైన పని. తర్వాత మొదటి రోజు రెండు మూడుసార్లు, ఆ వారం రోజుకోసారి వెళ్లి చూడండి, ఎవరిని అడగాలో ఒక పేరు చెప్పిపెట్టండి.

గేటు దగ్గర రేటు కట్టడం కూడా ఇలాగే నేర్పవచ్చు. ట్రాక్టర్ పైన ఎండిన వడ్లు కాకుండా లోపలికి చెయ్యి పెట్టి నాలుగు చోట్ల శాంపిల్ తీయడం, కలిపి మీటర్‌లో వేయడం, తాలు, మట్టి చూడటం. తర్వాత మీరూ అతనూ విడివిడిగా కాగితం మీద రేటు రాసి పోల్చుకోండి. ఇద్దరి అంకెలూ వరుసగా దగ్గరగా వస్తున్నాయంటే ఇక మీరు గేటు దగ్గర ఉండక్కర్లేదు.

ఫోన్ వస్తే జవాబు చెప్పకండి

"ఏం జేద్దాం సార్?" అనగానే నోటికొచ్చే జవాబును ఆపుకుని "నువ్వైతే ఏం జేస్తవ్?" అని అడగండి. మొదటి రెండు రోజులు అవతల నిశ్శబ్దం. "మీరే చెప్పండి సార్" అంటాడు. ఆగండి. మూడో నాడు ఏదో ఒకటి చెప్తాడు. మీరనుకున్నదానికి కాస్త అటూ ఇటూ ఉన్నా, నష్టం చిన్నదైతే "సరే, అట్లనే చెయ్" అనండి.

కొన్ని వారాల తర్వాత "చేసి సాయంత్రం చెప్పు" అనే దశకు రండి. ఆ తర్వాత "వారానికోసారి చెప్పు". అన్ని విషయాల్లో ఒకేసారి ముందుకు పోవాలని లేదు. లారీల విషయంలో మూడో దశలో ఉన్న మనిషే రేట్ల విషయంలో మొదటి దశలో ఉండొచ్చు.

రైతు నేరుగా మీకు ఫోన్ చేసినప్పుడు

పెద్ద కంపెనీల కోసం రాసే సలహాల్లో ఈ సంగతి ఉండదు గానీ, మన ఊళ్లలో మేనేజర్‌ను చంపేసేది ఇదే. గేటు దగ్గర సూపర్‌వైజర్ ఒక రేటు చెప్తాడు. ట్రాక్టర్ మీద కూర్చున్న రైతు మీకు బాబాయి వరస. లేదంటే మాజీ సర్పంచ్ పక్కనే ఉంటాడు, ఫోన్ కలుపుతాడు. "ఏమ్రా, మన వడ్లు గూడ గిట్లనే జేస్తరా?" మీరు మొహమాటపడి "సూపర్‌వైజర్‌కు ఫోన్ ఇవ్వు, ఒక ఇరవై పెంచు" అంటారు. పది నిమిషాల్లో లైనులో ఉన్న ప్రతి రైతుకూ తెలిసిపోతుంది, ఆ కుర్చీలో కూర్చున్నవాడి మాటకు విలువ లేదని. రేపటి నుంచి అందరూ మీకే చేస్తారు.

ఇలా చేయండి. ఫోన్ చేసిన పెద్దమనిషికి మర్యాదగానే "బాబాయ్, రేటు మా పిలగాడే కడ్తడు, నేను వడ్లు చూడలే గదా. మళ్లొకసారి శాంపిల్ తీయమంటా" అనండి. తర్వాత సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి "ఇంకోసారి చూడు, నీకు సరే అనిపిస్తేనే మార్చు" అనండి. అతను మార్చకపోతే మీరూ మార్చకండి. నిజంగా తప్పు కట్టాడనిపిస్తే సాయంత్రం లోపల కూర్చుని మాట్లాడండి. రైతుకు తేడా ఇవ్వాల్సి వస్తే అది అతని చేతుల మీదుగానే ఇప్పించండి.

తేమకు, తాలుకు ఎంత కోత పడుతుందో గేటు దగ్గర బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి పెడితే సగం గొడవ అక్కడే పోతుంది. తరుగు మీద రైతుకు ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు. కొన్ని మిల్లులు ఇష్టమొచ్చినట్టు కోసిన పాపం అందరికీ అంటింది. బోర్డు లేకుండా మేనేజర్‌ను రైతు ముందు నిలబెట్టడం అతన్ని తిట్లకు అప్పజెప్పడమే.

తప్పు జరిగినప్పుడు

హద్దు లోపల, బుద్ధి పెట్టి తీసుకున్న నిర్ణయం బెడిసికొడితే ఆ ఖర్చు మీది. అతన్ని అడగాల్సింది ఒకటే: అప్పుడు నీకు ఏం తెలుసు, ఏం తెలియలేదు? హద్దు దాటి, దాచిపెట్టి చేసినదైతే అది వేరే సంగతి. మొదటిసారే గట్టిగా తీసుకోండి. ఈ రెండిటికీ ఒకే గొంతుతో అరిచే ఓనర్ దగ్గర మనుషులు రెండోదాన్నే నేర్చుకుంటారు, అంటే దాచడం. ఏదైనా గది లోపల మాట్లాడండి.

వారానికి అరగంట అతనితో విడిగా కూర్చోండి. ప్రొడక్షన్ లెక్కలు అడగడానికైతే ఈ అరగంట అక్కర్లేదు, అవి రిజిస్టర్లో ఉంటాయి. ఈ వారం ఏ నిర్ణయం కష్టమనిపించింది, ఎవరితో ఇబ్బంది ఉంది, నా వల్ల ఏ పని ఆగింది అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు రావడానికి కొన్ని వారాలు పడుతుంది.

అతని కింద మనుషులు

మేనేజర్ ఎదిగాడో లేదో అతని కింద ఉన్నవాళ్లను చూస్తే తెలుస్తుంది. ఒక కాగితం మీద అడ్డంగా పనులు, నిలువుగా పేర్లు రాయమనండి: బాయిలర్, డ్రయ్యర్, షెల్లర్, సార్టెక్స్ (రంగు తేడా గింజల్ని ఏరే మెషిన్), కాంటా, బిల్లింగ్. ఎవరికి ఏది వచ్చో టిక్కు పెట్టాలి. ఏ పని కిందైనా ఒక్క టిక్కే కనిపిస్తే ఆ మనిషికి జ్వరం వచ్చిన రోజు మిల్లు ఆగిపోతుందని అర్థం. ఆర్నెల్లలో ప్రతి పనికీ ఇద్దరుండేలా చేయడం మేనేజర్ బాధ్యత. బాయిలర్ దగ్గర మాత్రం సర్టిఫికెట్ ఉన్న అటెండెంటే ఉండాలి, అక్కడ "చూసి నేర్చుకున్నోడు" చెల్లడు.

బిహార్ నుంచి వచ్చిన హమాలీలతో వాళ్ల ముఠా మేస్త్రీ ద్వారా మాత్రమే మాట్లాడే మేనేజర్‌కు సగం సంగతులు తెలియవు. పని చేసే చేతిని దగ్గరగా చూసినవాడికే ఉపాయం తడుతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలు చుట్టడానికి, రోజూ వేల సార్లు చెయ్యి తిప్పి భుజం నొప్పితో బాధపడటం చూసే లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మీ మిల్లులో బస్తా ఎత్తేవాడికి, కుట్టేవాడికి కూడా చెప్పేందుకు ఏదో ఒకటి ఉంటుంది. నెలకోసారి వాళ్ల మధ్య కూర్చుని అడిగే పని మేనేజర్‌కు పెట్టండి. ఒక్క సూచనైనా అమలు చేసి, చెప్పినవాడి పేరు అందరి ముందూ చెప్పమనండి.

కొత్తవాళ్ల కోసం దగ్గర్లోని ఐటీఐలో మాట్లాడండి. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే చోట సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉంటే మీ ఇష్టం. కేంద్ర పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. చట్టం కోసమే పెట్టుకుని టీలు తెప్పించే బదులు ఒక్కొక్కరిని ఒక్కో ఆపరేటర్‌కు అప్పజెప్పండి.

నేర్పిన తర్వాత పోతే?

పోతారు, కొందరు. పక్క మిల్లు రెండు వేలు ఎక్కువ ఇస్తుంది, లేదా సొంతంగా లీజుకు తీసుకుంటాడు. ఆ భయంతో నేర్పకపోతే నేర్వని మనిషి మాత్రం మీ దగ్గరే ఉండిపోతాడు. జీతం ఎలాగూ బయటి ధరకు తగ్గకుండా ఉండాలి. దాని పైన సీజన్ ముగిశాక ఒక లెక్క ప్రకారం బోనస్ పెట్టండి. నూక శాతం, కరెంటు యూనిట్లు, ఆగిపోయిన గంటలు లాంటి, అతని చేతిలో ఉన్న అంకెల మీద కట్టండి. లాభం మీద కడితే అతనికి అర్థం కాదు, మీకు చూపించడం ఇష్టం ఉండదు.

హైదరాబాద్‌లో ఎంబీఏ చదివొచ్చిన కొడుకో కూతురో ఉంటే వాళ్లను ఆ మేనేజర్ నెత్తిన కూర్చోబెట్టకండి. ఒక సీజన్ అతని కిందే కాంటా దగ్గర, గేటు దగ్గర పనిచేయనివ్వండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

యాసంగి వడ్లు పూర్తయి, వానాకాలం పంట ఇంకా పొలంలో ఉన్నప్పుడు, అంటే జూన్ చివరి నుంచి. జులైలో ఫోన్ల పుస్తకం, గీతల కాగితం. ఆగస్టులో నేర్పడం. సెప్టెంబరులో నాలుగు రోజులు ఎక్కడికైనా పోయి రండి. కాగితంలో ఉన్న విషయాల మీద ఫోన్ వస్తే ఎత్తకండి. వచ్చాక నాలుగు రోజుల నిర్ణయాలు వరుసగా చెప్పించుకుని, ఏ గీత జరపాలో అప్పుడే దిద్దుకోండి. అక్టోబరులో ట్రాక్టర్లు గేటు ముందు నిలబడ్డాక మాత్రం కొత్తగా ఏదీ మొదలుపెట్టకండి. ఆ సీజన్‌కు ఉన్న పద్ధతినే నడపండి, పుస్తకంలో రాసుకోండి, వచ్చే జూన్‌లో చూద్దురు.